చేతికిచ్చిన ఉప్పు

"వడ్డించేది నేను కాదు. నిన్నా చెప్పినా, ఇయ్యాలా చెప్తాండా."

లక్ష్మీదేవమ్మ వంటింటి గడపకు అడ్డంగా కూర్చుంది. ఒళ్ళో చేట ఉంది గాని, అందులోని బియ్యం మీద ఆమె చెయ్యి ఆడటం లేదు.

ఓబుళరెడ్డి అద్దం ముందర కండువా సర్దుకుంటున్నాడు. "మెల్లగా మాట్లాడు. బయట బస్సులొచ్చి నిలబడినాయి."

"నిలబడితే నిలబడనీ. నా కొడుకు గోవా జైల్లో కూడు తింటాండాడో, దెబ్బలు తింటాండాడో తెలీదు. నువ్వు చూస్తే ఆ గోవా దొరనే ఇంటికి పిల్చుకొచ్చి, వాళ్ళ కూడు వాళ్ళకే వండిచ్చి, నన్ను కొసరి కొసరి వడ్డించమంటాండావు. సిగ్గుండాల, నరసింహ నాయనా!"

పెండ్లయిన నాటి నుంచి ఆమె మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది లేదు. పెద్దకొడుకు నరసింహ పుట్టినాక 'నరసింహ నాయనా' అనే పిలుపు నోటికి అలవాటైంది. ప్రేమగా అన్నా అదే పిలుపు, కోపంగా అన్నా అదే పిలుపు. ఈ నెల రోజులుగా ఆ ఇంట్లో ఆ పిలుపు కోపంగా తప్ప వినపడలేదు.

చిన్నవాడు కంబగిరి చదువు మధ్యలో వదిలేసి, గోవా విముక్తి అని బయలుదేరిన సత్యాగ్రహుల జట్టులో కలిసిపోయాడు. బెల్గాం దాకా వాడితో పోయిన స్నేహితుడొకడు తలకు కట్టుతో తిరిగొచ్చి, సరిహద్దు దాటినాక గోవాను ఏలే బుడతకీచు (పోర్చుగీసు) పోలీసులు వాణ్ణి లారీలో ఎక్కించుకుపోవడం కళ్ళారా చూశానని చెప్పి పోయాడు. అంతే. ఆ తర్వాత కబురు లేదు.

ఓబుళరెడ్డి ఆ సంగతి గడప దాటనివ్వలేదు. ఎవరడిగినా 'చిన్నోడు మద్రాసులో చదువుకుంటాండాడు' అన్నాడు.

ఆయన చెప్పుకోలేని కారణం ఒకటుంది. పులివెందుల పక్క ఆయన గనుల్లో తీసే బెరైటీసు ముగ్గురాయి గుంతకల్లు మీదుగా మర్మగోవా రేవుకు పోతే మద్రాసు కన్నా దగ్గర. ఆ రేవులో ఓడల ఏజెంటు సెక్వేరా. ఇప్పుడు ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. డేరాల్లో సర్కారు కచేరీలు నడుస్తున్న ఈ కర్నూల్లోనే గనుల యజమానుల మహాసభ జరుగుతోంది. ఆహ్వాన సంఘానికి పెద్ద ఓబుళరెడ్డి. సభకొచ్చిన వాళ్ళకు పొద్దున ఊరు చూపించడం, సాయంత్రం సెక్వేరా గౌరవార్థం బుడతకీచు పద్ధతిలో విందు. అదీ ఏర్పాటు.

నరసింహ వచ్చి తల్లి పక్కన గొంతుకూర్చున్నాడు. బి.ఎ. చదివినవాడు, తండ్రి మాటకు ఎదురు చెప్పి ఎరగనివాడు.

"అమ్మా, ఈ ఒక్కదినం ఓర్చుకో. విందయినాక తమ్ముని సంగతి దొరతో మాట్లాడతానన్నాడు నాయన."

"నాతో అనలేదే?"

"ఇప్పుడంటాండా కదా," అన్నాడు ఓబుళరెడ్డి అద్దంలో నుంచే. "కడుపు నిండిన మనిషిని అడగాల. తియ్యటిది తినే ఏలకు నేనే కదిలిస్తా. అంతదాకా నువ్వు నోరు తెరిస్తే వాని గతి ఏమవుతాదో నాకు తెలీదు. జైలు అధికారులతో ఆయనకు సంబంధాలుండాయి. అర్థమయ్యిందా?"

లక్ష్మీదేవమ్మ కొడుకు ముఖం వైపు చూసింది. "నిజమేనా రా?"

నరసింహ చేటలోని బియ్యం గింజలను వేలితో అటూ ఇటూ జరిపాడు. "నాయన చెప్పినాడు కదమ్మా."

తల్లి కళ్ళలోకి వాడు చూడలేదు. ఆ తొందరలో ఆమె అది గమనించలేదు. గమనించి ఉంటే ఆ పూటే ఇంకోలా నడిచేది.

"సరే," అంటూ లేచింది. "తియ్యటిది తినే ఏలకు. అది దాటితే నేను ఊరుకోను."

*

పెరట్లో అంతకన్నా పెద్ద గొడవ జరుగుతోంది.

గుంతకల్లు రైల్వే భోజనశాల నుంచి పిలిపించిన వంటవాడు పింటో, సెక్వేరా డబ్బాలో తెచ్చిన ఎండుచేపను నీళ్ళగంగాళంలో నుంచి తీసి బండ మీద పరిచాడు. ఆ వాసనకు వంటమనిషి ఈరక్క కొంగు ముక్కుకు చుట్టుకుని వేపచెట్టు దాకా పరిగెత్తి వచ్చింది.

"శ్రావణ శనివారం! పేరంటానికి పిల్చే ఇండ్లల్లో పీనుగు కంపు! ఏమప్పా, ఇది చేపా, చెప్పుతోలా?"

"నోట్లో ఏస్కుంటే తెలుస్తాది," అన్నాడు పింటో.

"ఏస్కో, నీ నోట్లోనే ఏస్కో. అమ్మణ్ణీ, వంటింట్లో అడుగు పెట్టనియ్యలేదు ఈయప్పను. పొయ్యి బయటనే పెట్టిచ్చినా. మన పొయ్యి నిప్పు గూడా ఇయ్యలేదు. అగ్గిపెట్టె ఇచ్చినా."

పెరటి గడపలో నిలబడిన లక్ష్మీదేవమ్మకు నవ్వు రాలేదు. "కానీ ఈరక్కా. ఎట్లోగట్ల కానీ."

"ఆకు కావల్ల," అన్నాడు పింటో. "సూపుకు మా దేశంలో ఒక ఆకు ఉంటాది. ఈడ దొరకదు. ఏదైనా పచ్చని ఆకు ఉంటే చాలు."

"పచ్చంగానే ఉండాది, ఇదో," అని ఈరక్క గోంగూర కట్ట విసిరింది.

"ద్రాక్షసారా లేదు, సరైన ఆకు లేదు. ఇదేం విందు!"

"సర్కారు మందు బందు చేసిండాదని తెలీదా? షర్బత్తు పొయ్యి. కండ్లు మూసుకుంటే అన్నీ ఒకటే."

పింటో గొణుక్కుంటూ అరచెయ్యి చాచాడు. "కొంచెం ఉప్పియ్యమ్మా."

ఈరక్క పాము మీద కాలు వేసినట్టు వెనక్కి దూకింది. "తీయ్ చెయ్యి! యాడన్నా ఉప్పు చేతికిస్తారా? ఇచ్చినోళ్ళకూ తీసుకున్నోళ్ళకూ కొట్లాట. జనమలో కలవరు. ఆ బండ మీద పెడతా, తీసుకో."

"మనకు ఇప్పటికే కొట్లాట కదా."

"ఇది నోటి కొట్లాట, రేపటికి మర్చిపోతాం. అది ఉప్పు కొట్లాట."

బయట బస్సు హారను మోగింది. ఓబుళరెడ్డి గొంతు వినిపించింది, ఇంట్లో గొంతు కాదు, సభల్లో గొంతు. "రండి రండి! ఆడవాళ్ళు ముందు బస్సు! మా ఆవిడ తోడుగా వస్తుంది!"

*

కొండారెడ్డి బురుజు మెట్లెక్కేసరికి సభకొచ్చిన వాళ్ళకు చెమటలు కారుతున్నాయి. రాత్రి కురిసిన వానకు ఊరు తడిసి ఉందిగాని, గాలి మాత్రం లేదు. పైనుంచి తుంగభద్ర ఎర్రగా పారుతూ కనిపిస్తోంది. ఇటు కింద వరుసగా తెల్లటి కచేరీ డేరాలు.

నరసింహ ఇంగ్లీషులో కథ చెబుతున్నాడు. లక్ష్మీదేవమ్మ పక్కనున్న ఆడవాళ్ళ కోసం మళ్ళీ తెలుగులో చెప్పాడు.

"నవాబు కొండారెడ్డిని ఈ బురుజులోనే బంధించినాడంటారు. ఆయన సొరంగం తవ్వుకుని, నది కిందుగా అలంపురం దాకా పోయి తప్పించుకున్నాడని ఊళ్ళో చెప్పుకుంటారు."

"నది కిందుగానా!" బొంబాయి నుంచి వచ్చిన బట్టతల సేటు పొట్ట పట్టుకున్నాడు. "అరే, అంత పనివాడు మన గనుల్లో ఒక్కడుంటే చాలదా!"

అందరూ నవ్వారు. ఓబుళరెడ్డి కింద మెట్ల దగ్గర నిలబడి కూడా నవ్వాడు.

నవ్వనిది ఇద్దరే. ఒకరు లక్ష్మీదేవమ్మ. రెండోవాడు సెక్వేరా.

ఆమె అనుకున్నట్టు ఎర్రముఖం దొర కాదాయన. చామనచాయ మనిషి. తెల్లసూటు, నెరిసిన మీసం, నల్లగొడుగు. ఎండ ఆమె ముఖం మీద పడుతుంటే గొడుగు ఇటు వంచాడు. హిందీ, ఉర్దూ కలిపిన మాటలో, "జైలు కథ వింటే జనం నవ్వుతారు. లోపలున్న వాడి తల్లికి నవ్వు రాదు," అన్నాడు.

లక్ష్మీదేవమ్మ చటుక్కున తల తిప్పి చూసింది. ఆమె పుట్టి పెరిగింది ఈ ఊరి బుధవారపేటలో. ఇరుగుపొరుగు సాయిబుల పిల్లలతో ఆడుకుంటూ నేర్చిన తురకమాట ఇంకా నాలుక మీదే ఉంది.

"మీకు పిల్లలెంతమంది తల్లీ?" అన్నాడాయన.

మొగుడు చెప్పి పంపిన జవాబు ఒకటుంది. పెద్దవాడు వ్యాపారంలో, చిన్నవాడు మద్రాసులో. ఆ రెండో మాట ఆమె నోటికి రాలేదు.

"ఇద్దరు కొడుకులు."

గొడుగు కదలకుండా నిలిచిపోయింది. "ఇద్దరా?"

"ఇద్దరే."

"రెడ్డి గారు ఒక్కడేనన్నారే. ఇదో, ఈ అబ్బాయి ఒక్కడేనని."

"దొరా!" ఓబుళరెడ్డి రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. "బస్సు కదలాల. సుంకేసుల ఆనకట్ట చూడాల, మళ్ళా ఎండ ముదురుతాది!"

సెక్వేరాను చెయ్యి పట్టి కిందికి నడిపించుకుపోయాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి భార్య వైపు ఒక్క చూపు చూశాడు.

ఆనకట్ట దగ్గర నీళ్ళు ఎంత హోరున దూకుతున్నాయో అందరూ చెప్పుకున్నారు. లక్ష్మీదేవమ్మకు ఆ హోరు వినపడలేదు. ఒక్కడే, ఒక్కడే అన్న మాటే దోవ పొడుగునా చెవుల్లో తిరిగింది.

*

"నీకెంతమంది కొడుకులు?"

ఇల్లు చేరగానే నడిమింటి తలుపు మూసి ఆమె అడిగిన మొదటి మాట.

ఓబుళరెడ్డి కండువా కొక్కేనికి తగిలించాడు. "అరవగాకు. పెరట్లో మనుషులుండారు."

"ఎంతమంది అంటాండా!"

"యాపారం చేసేకాడ ఇంటి లెక్కలన్నీ చెప్పుకుంటారా?"

"మద్రాసులో ఉండాడంటివి, సరే, అబద్ధమన్నా అందులో బిడ్డ ఉండాడు. ఇప్పుడు బిడ్డే లేడంటివా? వాడు పుట్టినబ్బుడు మొలతాడు కట్టింది నువ్వే కదా? కంబగిరి సామికి మొక్కుకుని పేరు పెట్టింది నువ్వే కదా? ఆ సామి గూడా నీ యాపారానికి అడ్డమొచ్చినాడా?"

"చాలు!"

"చాలదు!"

ఆయన గిర్రున తిరిగాడు. ముఖం ఎర్రబడింది. "వాడు పొయ్యేటప్పుడు నన్నడిగి పోయినాడా? నాయనా, ఇట్ల పోతాండా అన్న ఒక్క మాట? జెండా పట్టుకుంటే చాలనుకున్నాడు. ఆ గని మీద ఎన్ని సంసారాలు బతుకుతాండాయో వానికి తెలుసునా? రేపు రాయి కదలకపోతే ఆ పిల్లోళ్ళకు సంగటి ఎవురు పెట్టాల? దేశం పెడతాదా? కంబగిరి పెడతాడా?"

"వాళ్ళకు సంగటి పెట్టు, ఎవురొద్దన్నారు? వాళ్ళ సంగట్లోకి నా కొడుకును నంజుకోమన్నారా?"

ఆయన మంచం మీద కూర్చున్నాడు. చెప్పులు విడవడం మర్చిపోయాడు. బురుజు మీద తొక్కిన ఎర్రమట్టి నాపరాళ్ళ నేల మీద అచ్చులుగా పడింది.

పెరట్లో పింటో ఉల్లిగడ్డలు తరుగుతున్న చప్పుడు, ఈరక్క సాధింపు వినిపిస్తున్నాయి.

"నీళ్ళియ్యి," అన్నాడాయన చివరికి.

ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చింది. చేతికివ్వలేదు. ఆయన కాళ్ళ దగ్గర నేల మీద పెట్టింది.

ఆయన చెంబు వైపు చూస్తూనే అన్నాడు. "కొడుకు చేతిలో ఉండాడని తెలిస్తే ఆ మనిషి నన్ను ఆడిస్తాడు. అందుకనే చెప్పలేదు. తియ్యటిది తినే ఏలకు అడుగుతానంటి కదా. అడుగుతా."

"నా మీద ఒట్టు పెట్టు."

"ఒట్లు ఎందుకే?"

"పెట్టు."

ఆయన లేచి, ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

*

పొద్దు గుంకుతుండగా వాకిట్లో పెట్రోమాక్సు దీపాలు వెలిగించారు. బల్లలు, వాటి మీద తెల్లగుడ్డలు, పింగాణీ పళ్ళేలు. అరటాకు కనపడని విందు ఆ వాకిట్లో అదే మొదటిది.

వడ్డనకు హోటలు మనుషులు వచ్చారు. అయినా ఆ ఇంటి ఆచారం ఒకటుంది. ఎవరు వడ్డించినా మొదట ఉప్పు వేసేది ఇల్లాలు. ఒట్టు వేయించుకున్నందుకు లక్ష్మీదేవమ్మ ఆ ఒక్క పనికి ఒప్పుకుంది. ఇత్తడి పళ్ళెంలో ఉప్పు పట్టుకుని, ఒక్కొక్క పింగాణీ అంచున చెంచాతో కొంచెం కొంచెం వేసి, ఎవరి ముఖమూ చూడకుండా లోపలికి పోయి కిటికీ వెనక నిలబడింది.

ఓబుళరెడ్డి లేచి మాట్లాడాడు. "మా సెక్వేరా గారి పూర్వీకుల దేశంలో పండగనాడు చేసుకునే భోజనం ఈ రాయలసీమ వాకిట్లో వడ్డిస్తున్నందుకు గర్విస్తున్నాను. ప్రభుత్వాలు కొట్లాడుకోవచ్చు. రాళ్ళు కొట్లాడవు, ఓడలు కొట్లాడవు!"

చప్పట్లు మోగాయి. సూపు వచ్చింది. సెక్వేరా ఒక గుక్క తాగి కళ్ళు గట్టిగా మూసి తెరిచాడు.

"మా అమ్మ చేసే సూపు ఇంత పుల్లగా ఉండేది కాదు," అన్నాడు. "కాని మీ ఊరి ఆకు బాగుంది."

అందరూ నవ్వారు. కిటికీ వెనక ఈరక్క చెవి దగ్గర గుసగుసలాడింది. "చూస్తివా అమ్మణ్ణీ, గోంగూరే గెలిచె."

చేప, ఆలుగడ్డలు, రొట్టె వచ్చాయి, పోయాయి. శ్రావణ శనివారం పాటించే వాళ్ళకు పెరుగన్నం వచ్చింది. చివరికి గాజుగిన్నెల్లో కోడిగుడ్లు, పాలు, చక్కెర కలిపి ఉడికించిన పుడింగు వచ్చింది.

తియ్యటిది తినే వేళ.

లక్ష్మీదేవమ్మ కిటికీ ఊచలు పట్టుకుంది. ఓబుళరెడ్డి సెక్వేరా పక్కనే కూర్చున్నాడు. చెంచా తీసుకున్నాడు. తిన్నాడు. మూతి తుడుచుకున్నాడు. సెక్వేరా వైపు వంగాడు.

ఆమె ఊచలకు చెవి ఆనించింది.

"అయితే దొరా, వర్షాలు తగ్గినాక మొదటి ఓడ ఎప్పుడనుకోవచ్చు?"

ఊచల మీద ఆమె వేళ్ళు తెల్లబడ్డాయి.

అప్పుడే బట్టతల సేటు అటు చివర నుంచి కేక వేశాడు. "సెక్వేరా సాబ్! మా పిల్లకాయలు జెండాలు పట్టుకుని మీ ఊరికి విందుకొస్తున్నారటగా? వాళ్ళకూ ఈ పుడింగేనా, లేక లాఠీలేనా? ఏ తల్లులు కని రోడ్డు మీద వదిలేశారో!"

బల్లల చుట్టూ నవ్వులు లేచాయి. అందరికన్నా గట్టిగా నవ్వింది ఓబుళరెడ్డి. తల వెనక్కి వాల్చి, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు.

లక్ష్మీదేవమ్మ ఉప్పుపళ్ళెం తీసుకుంది.

"అమ్మణ్ణీ, ఉప్పు ఏసేసినావు కదా!" అంది ఈరక్క. ఆమె అప్పటికే గడప దాటింది.

దీపాల వెలుతుర్లో ఆమె నడిచి వస్తుంటే నవ్వులు ఒక్కొక్కటే తగ్గాయి. నేరుగా వచ్చి మొగుడి కుర్చీ పక్కన నిలబడింది.

"ఏం కంబగిరి నాయనా," అంది.

ఆ పిలుపు ఆయన ఎన్నడూ వినలేదు. నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

"నవ్వి నవ్వి అలిసిపోయినావు. నోరు చప్పబడింటాది. చెయ్యి పట్టు."

"ఏందే ఇది? లోపలికి పో," అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

"చెయ్యి పట్టు అంటాండా."

అందరూ చూస్తున్నారు. ఏదో ఒకటి చేసి ఆమెను పంపించేయాలన్న తొందరలో ఆయన అరచెయ్యి చాచాడు. ఆమె పిడికెడు ఉప్పు తీసి, ఆ అరచేతిలో పోసింది.

గడప దగ్గర ఈరక్క కెవ్వుమంది. "అయ్యో, చేతికి! చేతికిచ్చె!"

ఆ కేక అర్థం పైఊళ్ళ వాళ్ళకు తెలియలేదు. సీమవాళ్ళు మాత్రం చెంచాలు కింద పెట్టారు.

లక్ష్మీదేవమ్మ సెక్వేరా వైపు తిరిగింది. తురకమాటలోనే అడిగింది. బొంబాయి వాళ్ళకూ హైదరాబాదు వాళ్ళకూ అది అర్థమైంది.

"దొరా, రోడ్డు మీద వదిలేసిన తల్లిని నేనే. నా చిన్నకొడుకు మీ జైల్లో ఉన్నాడు. మా ఇంట్లో నా చేతి ఉప్పు తిన్నారు. ఆ ఉప్పు మీద అడుగుతున్నాను. వాడు బతికే ఉన్నాడా?"

సెక్వేరా లేచి నిలబడ్డాడు. ఆమెకు జవాబు చెప్పే ముందు ఓబుళరెడ్డి వైపు చూశాడు.

"కుడికనుబొమ మీద గాటు ఉందా అబ్బాయికి?"

"ఉంది! చిన్నప్పుడు జొన్నకొడవలి తగిలింది!"

"బతికే ఉన్నాడు." ఆయన గొంతు తగ్గింది. "తల్లీ, నేను గుంతకల్లులో రైలు దిగీదిగగానే రెడ్డి గారిని అడిగాను. మా జైల్లో ఒక కుర్రవాడు కర్నూలు ఓబుళరెడ్డి కొడుకునని చెబుతున్నాడు, జైలు అధికారి నా బంధువు, అడిగి రమ్మన్నాడు, మీవాడేనా అని. రెడ్డి గారు కాదన్నారు. తనకు ఒక్కడే కొడుకు, ఇదో పక్కన నిలబడ్డాడు అన్నారు."

లక్ష్మీదేవమ్మ మెల్లగా తల తిప్పింది. బల్ల అవతల నరసింహ తల వంచుకున్నాడు. పొద్దున బియ్యం గింజలు జరిపిన ఆ వేలు ఆమెకు ఇప్పుడు అర్థమైంది.

"ఆ మాట నేను నమ్మాను. తంతి కొట్టించేశాను," అన్నాడు సెక్వేరా. "మామూలు కుర్రవాళ్ళను నాలుగు దెబ్బలు కొట్టి సరిహద్దు దాటించేస్తున్నారు. అబద్ధపు తండ్రి పేరు చెప్పినవాణ్ణి గూఢచారి అంటున్నారు. వాడి విచారణ సోమవారం. పొద్దున బురుజు మీద మీరు ఇద్దరు అన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. రెడ్డి గారూ, ఇప్పుడు చెప్పండి. ఇక్కడి నుంచే ఇంకో తంతి కొట్టిస్తాను. తల్లి మాట చాలదు. మా వాళ్ళు రాసుకునేది తండ్రి మాట."

ఓబుళరెడ్డి పుడింగు గిన్నెను పక్కకు జరిపాడు.

"చెప్పు," అంది లక్ష్మీదేవమ్మ. ఆమె ఏడవలేదు. గొంతు కూడా పెంచలేదు. "ఇంతమంది ముందర చెప్పు. కంబగిరి ఎవురి కొడుకు?"

ఓబుళరెడ్డి అరచేతిలో ఉప్పు చెమటకు తడుస్తోంది. ఆయన బట్టతల సేటు వైపు చూశాడు. అందరి ముఖాలూ చూశాడు. నా కొడుకే అంటే, కన్నకొడుకునే కాదన్నవాడని ఇంతమందికీ తెలిసిపోతుంది. కాదంటే ఇప్పటికి గడిచిపోతుంది. పిడికిలి బిగించాడు.

"మా ఆడమనిషికి ఒంట్లో బాగలేదు దొరా," అన్నాడు. "కొన్నాళ్ళుగా ఇట్లే. నరసింహా, మీ అమ్మను లోపలికి పిల్చుకపో."

నరసింహ లేచాడు.

తండ్రి కూర్చోమంటే కూర్చుని, లెమ్మంటే లేచిన కొడుకు. గుంతకల్లు స్టేషనులో తన కళ్ళముందే తమ్ముణ్ణి కాదంటుంటే పెదవి కదపని కొడుకు. బల్ల చుట్టూ తిరిగి తల్లి దగ్గరికి వచ్చాడు.

"రా," అంది ఆమె. "నువ్వూ రా. పట్టుకుని ఈడ్చుకుపో."

వాడు ఆమెను తాకలేదు. ఆమె చేతిలోని ఇత్తడి పళ్ళెంలోకి చెయ్యి పెట్టి, మిగిలిన ఉప్పంతా పిడికిట పట్టాడు. తండ్రి ముందుకు పోయి నిలబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి ఉప్పు తెల్లగుడ్డ మీద రాలుతోంది.

"నాయనా," అన్నాడు, "ఆ రెండో చెయ్యి గూడా పట్టు."